కాలేజీకి పోవు పిల్లకు పాత సైకిలు



ఒక పాత సైకిలును కొని, బాగుచేయించి, దానిపై మా మనుమరాలిని కాలేజీకి పంపిన సంగతి నేడు తమకు మనవి చేయదలచితిని. వినుటకిది చిన్న సంగతియే. కాని యీ చిన్న సంగతిని సరిగా చూడకపోవుటచేతనే మా యింట నొకప్పుడు పెద్ద నష్టము కలిగినది. ముందుగా ఆ నష్టమును చెప్పి, పిమ్మట సైకిలు మాటకు వచ్చెదను.

మా గ్రామము తెనాలికి 8 కిలోమీటర్ల దూరమున కాలువగట్టు ననుసరించి యున్నది. నేను బడిపంతులుగా పనిచేసి 2013లో ఉద్యోగము విరమించినవాడను. 1998లో నా కుమార్తె పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసై, పట్టణమున కాలేజీలో చేరినది. ఉదయపు బస్సు వేళకు రాదు. సాయంకాలపు బస్సు వచ్చుసరికి చీకటి పడును. నా సైకిలు పంచలో నుండెను. “దీనిమీద పోయి రా, అమ్మా” యని యిచ్చితిని.

అది నా యెత్తునకు అమర్చుకొన్న మగవారి సైకిలు. దాని సీటును నేను దింపలేదు. బ్రేకు రబ్బర్లు అరిగి యినుము కనబడుచుండెను. నేను కాలు నేలకానించి ఆపుకొను అలవాటువాడను గనుక అది నాకొక లోపముగా తోచలేదు. తొమ్మిదవనాడు వాన కురిసినది. కాలువ వంతెన దిగునప్పుడు బ్రేకు పట్టలేదు, పిల్ల కాలు నేలకందలేదు. వంతెన గోడకు కొట్టుకొని పడెను. కుడిచేయి విరిగినది. ఆరు వారములకు చేయి అతికినది గాని, చదువు మరల అతుకలేదు. “ఆడపిల్లకు సైకిలేమిటి?” అని యింటివారనిరి. నేనును తలయూపితిని. పిల్ల యేడ్చి యూరకుండెను.

తప్పు పిల్లది కాదు, సైకిలుది కాదు. సరిచూడక యిచ్చిన నాది. ఈ మాట పైకి చెప్పుటకు నాకు 27 సంవత్సరములు పట్టినది.

ఆ కుమార్తెకు మా యూరనే సంబంధము కుదిరినది. ఆమె కూతురు 2025 వేసవిలో పదవ తరగతి ముగించి, తల్లి చేరిన పట్టణముననే కాలేజీలో చేరుటకు సిద్ధమైనది. వయస్సు పదునారు. మా అల్లుడు స్కూటరు కొందమనెను. నేనతనికి చట్టము చెప్పితిని. పదునారేండ్లు నిండినవారికి 50 సి.సి. మించని, గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు దొరకును. వీథులలో మనము చూచు పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నియు అంతకు పెద్దవే. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు చేర్చిన నిబంధన ప్రకారము, తెలిసి తెలిసి మైనరు పిల్లల చేతికి బండి యిచ్చినచో, వారు చేసిన నేరమునకు తల్లిదండ్రులు గాని బండి యజమాని గాని బాధ్యులగుదురు. 3 సంవత్సరముల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. సైకిలునకు లైసెన్సు లేదు, పెట్రోలు లేదు.

సైకిలనిన చిన్నతనమని తలచువారు బీహారు సంగతి వినవలెను. ఆ రాష్ట్ర ప్రభుత్వము 2006లో, తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుక్కొనుటకై తలకు 2,000 రూపాయలు ఇచ్చు పద్ధతి పెట్టినది. తరువాత ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కలు తీయగా, ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినట్లును, బాలురకు బాలికలకు నడుమ నున్న అంతరము 40 శాతము తగ్గినట్లును తేలినది. బడి 3 కిలోమీటర్లకు మించిన దూరమున నున్న గ్రామములలోనే యీ మేలు హెచ్చుగా కనబడెను. దూరమే అడ్డమైన చోట రెండు చక్రములు ఆ యడ్డమును తీసివేసినవన్నమాట.

అల్లుడు నేను మాటలాడుకొనుచుండగా నా కుమార్తె వంటయింటి నుండి వచ్చి, “సైకిలే ఇవ్వండి నాన్నా. ఈసారి చూసి ఇవ్వండి” అనెను. ఆ మాటతో మా చర్చ ముగిసినది.

మా యూరి సైకిలు షాపులో నలువది యేండ్లుగా పనిచేయుచున్న మేస్త్రీ యొకడు కలడు. అతని వద్దకు పోయి సంగతి చెప్పగా, “పాత సైకిలు చూద్దాం మాస్టారూ, కాని అమ్మాయిని తీసుకురండి. కొలతలు అమ్మాయి దగ్గర ఉన్నాయి, మన దగ్గర లేవు” అనెను. 1998లో నాకీ మాట చెప్పినవారు లేరు. ముగ్గురమును తెనాలి పోయి, పాత సైకిళ్లమ్ము చోట చూచితిమి.

పాత సైకిలు కొనునప్పుడు ముందుగా చూడవలసినది రంగు కాదు, ఫ్రేము. మిగిలిన భాగములన్నియు మార్చుకొనవచ్చును. ఫ్రేము విరిగినను వంగినను ఆ సైకిలును వదలివేయవలెను. హ్యాండిలు క్రింద గొట్టములు కలియు చోటను, ముందు ఫోర్కు మొదటను, రంగు సన్నని గీతగా పగిలియున్నదేమో వ్రేలితో తడిమి చూడవలెను. అట్టి గీత క్రింద పగులు దాగియుండవచ్చును. ఫోర్కు వెనుకకు వంగియున్నచో ఆ సైకిలు దేనినో గుద్దుకొన్నదని యెరుగవలెను. పిమ్మట నొకరు సైకిలును నడిపించుచుండగా వెనుకనుండి చూచినచో ముందు చక్రము వెనుక చక్రము ఒకే గీతలో పోవుచుండవలెను.

పిల్లను ఫ్రేముమీదుగా రెండు కాళ్లు నేలపై మోపి నిలువుమనవలెను. అడ్డగొట్టము ఒంటికి తగులక కొంచెము ఎడముండవలెను. ఆడపిల్లకు అడ్డగొట్టము లేని లేడీస్ సైకిలు మేలు. దానికి చైను కవరును, వెనుక చక్రమునకు వలయును తప్పక యుండవలెను. చున్నీ కొసయో పావడ అంచో చక్రములో చిక్కుకొని జరిగిన ప్రమాదములు మనమెరుగనివి కావు.

ఇంకొక మాట. అమ్మినవానిచేత కాగితముమీద వ్రాయించుకొని సంతకము తీసికొనవలెను. ఫ్రేముమీద కొట్టియున్న నంబరును ఆ కాగితములో చేర్పించవలెను. దొంగసొత్తును తెలియక కొన్నను చిక్కు మనదే. సైకిలు మరల మననుండి పోయినప్పుడు ఆ నంబరే సాక్ష్యము. మేము 26 అంగుళముల చక్రములుగల లేడీస్ సైకిలు నొకదానిని 1,800 రూపాయలకు కొంటిమి. రంగు వెలసియుండెను గాని ఫ్రేము నిక్కముగా నుండెను.

మరునాడు మేస్త్రీ దానిని పూర్తిగా విప్పివేసెను. నేను ప్రక్కన కూర్చుండి చూచితిని, పిల్లను కూర్చుండబెట్టితిని. ఈ పనిని మనము ఓవరాయిలింగు అందుము.

మొదట చక్రములు. ఇరుసు విప్పి పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగినాడు. లోపలి ఉక్కు గుండ్లు మసకబారి, కొన్ని గుంటలు పడియుండెను. ముందు ఇరుసునకు మూడు పదునారవ వంతుల అంగుళపు గుండ్లును, వెనుక ఇరుసునకు పావు అంగుళపు గుండ్లును వేయుదురు. ఒకటి రెండు చెడినను అన్నిటిని మార్చవలెను. పాతవానితో క్రొత్తవి కలిపినచో బరువంతయు క్రొత్తవానిపై పడి త్వరగా చెడును. గ్రీజు పెట్టి బిగించిన పిమ్మట రెండు పరీక్షలు చేసినాడు. రిమ్మును పట్టి ప్రక్కలకు కదపగా ఇరుసు వద్ద ఊగరాదు. చక్రమును మెల్లగా త్రిప్పి వదలినచో, గాలి కొట్టు వాల్వు తన బరువుచేతనే క్రిందికి దిగి నిలువవలెను. ఊగినచో వదులు, దిగనిచో బిగువు.

తరువాత రిమ్ము బెండు తీయుట. చక్రమును త్రిప్పుచు రిమ్ము ప్రక్కన సుద్దముక్క నానించినచో, వంగిన చోట గీత పడును. రిమ్ము కుడికి వంగినచో అచ్చటి ఎడమవైపు చువ్వలను కొంచెము బిగించి, కుడివైపువానిని వదులుచేయవలెను. ఒక్కసారికి నిపిలును పావుచుట్టుకు మించి త్రిప్పరాదు. చువ్వలను గోటితో మీటినచో బిగువైనవి మ్రోగును, వదులైనవి మూగగా నుండును. మా పిల్ల యీ పనిని చెవితోనే నేర్చుకొన్నది.

పిమ్మట చైను. సైకిలు చైను మీటల నడుమ దూరము సరిగా అర అంగుళము. కావున ఒక మీటనుండి కొలిచినచో, దాని తరువాతి ఇరువది నాల్గవ మీట 12 అంగుళముల యొద్ద నుండవలెను. వీసెడు అరిగినను తెలియదుగాని, అది 12 అంగుళములు దాటి ఇంకను ఎనిమిదవ వంతు అంగుళము పోయినచో చైనును మార్చవలసినదే. మార్చనిచో చైను పండ్లచక్రములను కూడ తినివేయును. మా చైను అట్లే సాగియుండెను. వెనుకనున్న ఫ్రీవీలు పండ్లు కొక్కెములవలె వంగియుండెను. రెండును మార్చితిమి. బిగించినపుడు చైను నడుమ అర అంగుళము మేర పైకి క్రిందికి ఆడవలెను. దానికి కుట్టుమిషను నూనె చుక్కలుగా వేసి, పైనున్నది గుడ్డతో తుడువవలెను. కొబ్బరినూనె వేయువారు కలరు. అది దుమ్ముతో కలిసి జిగురగును.

పెడళ్ల విషయమున ఒక సంగతి గుర్తుంచుకొనదగినది. ఎడమ పెడలునకు మర ఎదురుగా నుండును. కుడిదానివలెనే త్రిప్పి బలము చూపినచో మర పాడగును. పెడలు కాడను ఇరుసునకు పట్టించు కాటరు పిన్ను అరిగినచో, తొక్కినప్పుడెల్ల కాలిక్రింద ఒక దెబ్బ తెలియును. దానిని మార్చి, వారము దినములు తొక్కిన తరువాత మరల బిగింపవలెను.

ఇక టైర్లు. ఇచ్చట ఒక పాత కథ చెప్పవచ్చును. ఐర్లండు దేశమున బెల్‌ఫాస్టు నగరములో జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడుండెను. తన చిన్న కుమారుడు మూడు చక్రముల బండిపై రాళ్ల త్రోవలో కుదుపులకు ఇబ్బంది పడుచుండగా చూచి, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రములకు చుట్టెను. 1888లో దానికి పేటెంటు పొందెను. నేడు లోకమంతట తిరుగుచున్న గాలి టైరు, ఒక తండ్రి తన పిల్లవాని బండిని శ్రద్ధగా చూచుటనుండి ప్రచారమునకు వచ్చినది. 1998లో నేను చూడనిది ఆయన చూచెను.

మా సైకిలు వెనుక టైరు ప్రక్కలు బీటలు వారియుండెను. దానిని మార్చి, ముందుదానిని ఉంచితిమి. రిమ్ము లోపల చువ్వల మొనలు ట్యూబును పొడువకుండ రబ్బరు పట్టీ వేయించితిమి. గాలి యెంత యుండవలెనో టైరు ప్రక్కననే అచ్చువేసియుండును. గాలి తక్కువైనచో తొక్కుట బరువగును, ట్యూబు నలిగి పగులును.

ఇప్పుడు బ్రేకుల మాట. పెద్దలు దీనిని శ్రద్ధతో వినవలెనని ప్రార్థన. బ్రేకు రబ్బరు రిమ్మునకు సమముగా ఆనవలెను. టైరునకు తగులరాదు. పిడిని పూర్తిగా నొక్కినను అది హ్యాండిలునకు ఆనరాదు. తీగ బ్రేకైనచో తీగ తెగిన పోగులున్నవేమో చూడవలెను. పరీక్ష సులభము. సైకిలును ప్రక్కనుండి ముందునకు త్రోయుచు ముందు బ్రేకు పట్టినచో వెనుక చక్రము నేలనుండి లేవవలెను. వెనుక బ్రేకు పట్టినచో వెనుక చక్రము తిరుగక నేలపై ఈడ్చుకొని రావలెను. ఇట్లు కానిచో ఆ సైకిలును పిల్లకు ఇయ్యరాదు.

ఇంకను ఒక నిజము కలదు. మెరుగుపెట్టిన ఇనుప రిమ్ములు వానలో తడిసినచో, క్రొత్త రబ్బర్లు కూడ ఎండలో పట్టినట్లు పట్టవు. మొదటి క్షణములలో చాల జారును. 1998లో వంతెనపై జరిగినది ఇదియే. అరిగిన రబ్బరు, తడిసిన రిమ్ము, అందని కాలు, మూడును కలిసినవి. అందుచేత వానలో వాలు దిగుటకు ముందే రెండు బ్రేకులను తేలికగా పట్టి, రిమ్ముమీది నీటిని తుడిచి, మెల్లగా దిగవలెను. ఈ మాట పిల్లకు చెప్పుట చాలదు. అభ్యాసము చేయింపవలెను. మేము ఇంటివెనుక రిమ్ములపై చెంబుతో నీరుపోసి అభ్యాసము చేయించితిమి.

అన్నియు ముగిసిన పిమ్మట మేస్త్రీ పిల్లను సీటుపై కూర్చుండబెట్టెను. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దానిపై మడమ పెట్టినచో కాలు సరిగా చాగవలెను. అప్పుడు పాదము ముందుభాగముతో తొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. ఇది దూరము తొక్కుటకు తగిన యెత్తు. కాని క్రొత్తగా తొక్కువారికి మొదటి కొన్నాళ్లు రెండు కాళ్ల మునివ్రేళ్లు నేలకందునట్లు దింపి, ధైర్యము వచ్చిన పిదప లేపవలెను. సీటు కాడకును హ్యాండిలు కాడకును ఒక హద్దుగీత కొట్టియుండును. ఆ గీత బయటకు కనబడునట్లు పైకి లాగరాదు. లాగినచో కాడ విరుగును.

వెనుక ఎర్రని అద్దపు బిళ్లయు, ముందు దీపమును, బెల్లును, తాళమును పెట్టించితిమి. పుస్తకముల సంచి హ్యాండిలునకు తగిలింపక క్యారియరుపై కట్టుమని నేర్పితిమి. హ్యాండిలునకు బరువు కట్టినచో త్రిప్పుట చేతిలోనుండదు. బాగుచేయుటకు మొత్తము 1,650 రూపాయలైనది. సైకిలు వెలతో కలిపి 3,450. డెల్టా నేల చదును గనుక గేర్లు అక్కరలేదు.

పిల్ల చేతికి సైకిలుతోపాటు ఒక చిన్న సంచి యిచ్చితిని. దానిలో పానా, టైరు విప్పు చట్రములు రెండు, సొల్యూషను, పంక్చరు ముక్కలు కలవు. ఇంటివద్ద ఒక పంపు. సెలవులలో ఆమె మేస్త్రీ యెదుట మూడుమార్లు పంక్చరు వేసినది. ఇరువురు మగపిల్లలు నవ్విరి. మేస్త్రీ వారిని పిలిచి, “మీరు వెయ్యండి చూద్దాం” అనెను. వారు వేయలేక పోయిరి.

కాలేజీ తెరచుటకు ముందు పది దినములు నేనును నా పాత సైకిలుపై ఆమె వెంట పోయితిని. దానికిని బ్రేకు రబ్బర్లు మార్పించితిని, చెప్పుటకు సిగ్గగుచున్నది. 8 కిలోమీటర్లు నలువది నిమిషములు పట్టినది. ఎక్కడ గోతులున్నవో, లారీలు ఏ మలుపున అడ్డము వచ్చునో, ఎవరి యింట నీరడుగవచ్చునో చూచుకొంటిమి. వారము గడచిన పిమ్మట మేస్త్రీ వద్ద నట్లన్నియు మరల బిగింపించితిమి. క్రొత్తగా కట్టిన సైకిలు మొదటి వారములో సర్దుకొనును. ఆ రెండవ బిగింపును మరచువారే హెచ్చు.

జులై మాసమున ఒక సాయంకాలము గట్టి వాన పట్టినది. చెప్పక తప్పదు, నా మనస్సు నిలువలేదు. గొడుగు తీసికొని వంతెన వద్దకు పోయితిని. అచ్చట నా కుమార్తె నాకంటె ముందే వచ్చి నిలుచుండెను. ఇరువురమును మాటలాడలేదు. కొంతసేపటికి అవతలి గట్టున దీపము కనబడినది. పిల్ల వంతెన శిఖరమున వేగము తగ్గించి, మెల్లగా దిగి, మా ముందు ఆగి రెండు కాళ్లు నేలపై మోపెను. తల్లి ఆమె కుడిచేతిని ఒకసారి పట్టుకొని వదలెను. పిల్లకు దాని యర్థము తెలియదు. “తాతయ్యా, వెనక బ్రేకు కాస్త వదులైంది. ఆదివారం నేనే బిగించుకుంటాను” అని ముందునకు సాగిపోయెను.

పెద్దలారా! మన పంచలలో, గొడ్లసావిళ్లలో తుప్పుపట్టుచున్న సైకిళ్లు ఎన్నియో కలవు. వానిని పిల్లలకు ఇయ్యుడు. కాని యిచ్చుటకు ముందు విప్పించి చూడుడు. పిల్లను దానిపై కూర్చుండబెట్టి కొలువుడు. బ్రేకులను మీ చేతితో పట్టి చూడుడు. పిల్లకు పానా పట్టుట నేర్పుడు. ఇది ఒక దినపు పని. ఆ దినమును నేనొకప్పుడు మిగుల్చుకొంటిని. దానికి నా కూతురు తన చదువును చెల్లించినది.